సూసినావేటి, ఇన్నావేటి

విజయనగరంలో ఎండుమిరప బస్తాల బేరం మధ్యలో ఉన్నాను. ఒక కాయ తుంచి, గింజలు అరచేతిలో రాల్చుకుని, మొహం చిట్లించి, "ఇది పోయినేటి సరుకులా ఉందే" అన్నాను. సరుకు కొత్తదని నాకూ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. ఆ మాట అనకపోతే మా ఇద్దరికీ మర్యాద కాదు. అప్పుడే కొట్టులో ఫోను నాకని పిలిచారు. భిలాయి నుంచి బావ, మా అక్క మొగుడు. దీదీ పోయిందన్నాడు.

నేను "అయ్యో" అనలేదు.

"సూసినావేటి, ఇన్నావేటి?" అన్నాను.

అవతల బావ వెంటనే బదులు పలకలేదు.

చావు కబురు చెప్పినవాణ్ణి అలా నిలదీసే మనిషిని ఏమంటారో తెలుసు. కాని ఆ ప్రశ్న నాది కాదు, ఆవిడదే. ఎవరు ఏం చెప్పినా ముందు ఆ మాటే. నందిని గనుల వైపు వాన కొడుతోందన్నా అదే, ఫలానావాళ్ళ అబ్బాయికి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం అయిందన్నా అదే. చూశానంటే తల ఊపేది. విన్నానంటే, "ఐతే నీకూ తెలీదన్నమాట" అని అక్కడితో ఆ సంగతి మూసేసేది.

ఆవిడని పేరుపెట్టి పిలిచినవాళ్ళని నేనెరగను. భిలాయిలో మా క్యాంపు పేట బజారు మొత్తానికి దీదీయే. నాన్నకీ దీదీ, నాన్న కంటే పెద్దవాళ్ళకీ దీదీ. పుట్టి పెరిగింది దుర్గ్ రైల్వే క్వార్టర్లలో, ఉండేది భిలాయి పక్కనే రిసాలిలో. మాట్లాడితే విజయనగరం తెలుగు, కోపం వస్తే హిందీ. అది తొంభైల మధ్య కాలం. ఇంట్లో ముందుగదిలో పిల్లలకి కంప్యూటరు నేర్పేది, మాలాంటి కొట్లవాళ్ళకి ప్రోగ్రాములు రాసిచ్చేది.

మోపెడ్ మీద వచ్చేది. దిగి, తాళం వేసి, తాళాన్ని గట్టిగా లాగి చూసి, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి మళ్ళీ లాగేది. అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటే. వంగి, ఇంజనులోంచి స్పార్క్ ప్లగ్ ఊడదీసి, గుడ్డలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకునేది. అందుకే ఆవిడ బ్యాగు తెరిస్తే పెట్రోలు వాసన. అందులోంచి తీసే ఫ్లాపీలకీ అదే వాసన. ఆ ముసలి మోపెడ్‌ని ఎత్తుకుపోయే దొంగ ఎవడా అని నేను నవ్వితే, "దొంగకి నీ అంత బేరాలు తెలుస్తాయేటి భయ్యా, దొరికింది పట్టుకుపోతాడు" అంది.

టీ గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూడందే తాగేది కాదు. ఏం వెతుకుతున్నారని అడిగాను ఓసారి. "దొరికితే సెప్తాను" అంది.

మా కొట్టులో పప్పు కొంటే నాన్న అలవాటుగా ఒక గుప్పెడు కొసరు వేసేవాడు. కొసరు చూడగానే బజారులో ఏ మొహమైనా వికసిస్తుంది. ఆవిడ మొహం బిగుసుకుపోయింది. "కొసరెందుకేసేరు సేఠ్‌గారూ? తూకంలో ఏటి తీసేరు?" అని పొట్లం మళ్ళీ కాటా ఎక్కించింది. తూకం సరిపోయింది. కొసరు మాత్రం తీసి డబ్బాలో పోసేసింది. "ఎక్కువిచ్చినోణ్ణే ముందు సూడాల" అంది, నాన్న మొహం మీదే. నాన్న రెండు రోజులు గింజుకున్నాడు. మూడో రోజు ఆ మాటే తన మాటలా వేరే కొట్టువాడికి చెబుతుంటే విన్నాను.

నేను ఆవిడతో బేరమాడింది ఒక్కసారే. ప్రోగ్రాము రెండు వారాల్లో రాసిస్తానంది. గుడిలో పూజారితో కూడా ప్రదక్షిణల దగ్గర బేరమాడే జాతి నాది, వారం అన్నాను. ఆవిడ వాదించలేదు. బ్యాగులోంచి ప్లగ్ తీసి, కొంగుతో తుడిచి, వీధిలోకి వెళ్ళి మోపెడ్‌కి బిగించడం మొదలుపెట్టింది. ఆవిడ మర తిప్పుతుంటే నేను పది రోజులన్నాను, పన్నెండన్నాను. బిగింపు పూర్తయ్యేలోగా రెండు వారాలకీ ఒప్పుకుని, పైగా సమోసాలు తెప్పించాను.

ఆ ప్రోగ్రాము పని ఇది. మా సబ్బుల, నూనెల ఏజెన్సీకి రాయపూర్‌లో డిపో ఉంది. ఆర్డర్లు ఇకమీదట నోటితో చెబితే కుదరదని, కంప్యూటరు నుంచి ఫోను లైను మీదే పంపాలని వాళ్ళు పట్టుబట్టారు. సాయంత్రం అయ్యేసరికి బావ కొట్టు వెనకగదిలో కూర్చుని, నల్లటి తెర మీద ఒక వరస కొట్టేవాడు. వరస చివర ఒక అంకె. డిపో మిషను పలికేదాకా ఎన్ని సెకన్లు కాచుకోవాలో చెప్పే అంకె అది. దీదీ ముప్పై పెట్టి ఇచ్చింది. ముప్పై సెకన్లలో అవతలిది పలక్కపోతే మన మిషను ఫోను పెట్టేసి, జవాబు లేదని తెర మీద రాస్తుంది. ఆ ప్రోగ్రామునే దుర్గ్‌లో ఇంకో కొట్టుకీ ఇచ్చింది. ఆ కొట్టు బావకి సొంత చిన్నాన్నది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మా నాన్న ఒక్క క్షణం కూడా మరిచిపోలేదు.

ఆ వానాకాలం డిపో మిషను మందగించింది. కొట్లన్నీ ఒకేసారి దాని మీద పడేవి. కొన్నిరోజులు ముప్పైలో పలికేది, కొన్నిరోజులు పలికేది కాదు. తరవాత పెద్ద వాన పట్టి, బజారు ఫోన్లన్నీ చచ్చి ఊరుకున్నాయి. ఫోను బతికి వచ్చిన రోజు నుంచీ మా ఆర్డరు ఒక్కటీ వెళ్ళలేదు. దుర్గ్‌వాళ్ళవి మాత్రం ఆలస్యంగానో, మళ్ళీ మళ్ళీ కొడితేనో వెళుతున్నాయి. ఇంకొక్క వారం చూసి మీరు సరుకు వేసే భిలాయి సెక్టార్లు కూడా దుర్గ్‌వాళ్ళకే ఇచ్చేస్తామని డిపోవాడు కబురు పెట్టాడు.

మా నాన్నకి ఒక అలవాటుంది. ఎవరి మీదైనా అనుమానం కలిగితే వాళ్ళకి గౌరవం పెంచుతాడు. బావని ఎప్పుడూ "ఒరే అల్లుడా" అనేవాడు. ఆ వారం మొదట్లో "అల్లుడుగారు" అయింది. మధ్యకొచ్చేసరికి "అల్లుడుగారండి". ఆ "అండి" వినగానే వంటింట్లో అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎదటోడి ఫోను మోగనైనా మోగకముందే జవాబు లేదని రాస్తన్నాదేటి? మిషనుకి ముందే తెలిసిపోతాదేటి?" అని నాన్న. "లోపల గెడ పెట్టుకుని మరీ కూర్చుంటన్నారు అల్లుడుగోరు."

గడియ పెట్టేది ప్లాంటు ఎర్రదుమ్ము మిషనులోకి పోకుండా. అది అందరికీ తెలుసు. అయినా ఆ సాయంత్రం నేను కూడా తలుపు సందులోంచి చూశాను. బావ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని తెరకేసి చూస్తున్నాడు. అనుమానంతో చూస్తే దొంగ కూడా అలాగే కూర్చుంటాడు.

మర్నాడు నాన్న బజారు వింటుండగా అనేశాడు, "తినే కంచం ఇక్కడ, పెట్టే దండం దుర్గ్‌లో" అని. వెనకగది తాళంచెవి అడిగి తీసుకున్నాడు. బావ ఏమీ అనలేదు. అక్క అంది.

"ఆయన దొంగైతే నాను దొంగపెళ్ళాన్ని నాన్నా. ఇద్దరికీ ఒకటే బస్సు. రేపు పొద్దున్నే పోతాం."

పోవడానికి దుర్గ్ తప్ప వేరే చోటు లేదు. అక్కడికి వెళితే అన్నమాట నిజమే అంటారు. ఇక్కడే ఉంటే సిగ్గులేదంటారు. బావ పెట్టె కూడా సర్దుకోలేదు, కూరల సంచిలో రెండు చొక్కాలు పెట్టుకుని కూర్చున్నాడు.

నేను దీదీకి కబురు పెట్టాను. నమ్మి కాదు. ఒకే ప్రోగ్రాము అక్కడ పనిచేస్తూ ఇక్కడ పనిచెయ్యకపోతే, రాసిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూద్దామని.

పొద్దున్నే వచ్చింది. తాళం, మళ్ళీ తాళం, ప్లగ్. లోపలికొస్తే నాన్న ఎదురెళ్ళి, "రండి దీదీగారండి" అన్నాడు. ఆవిడకి అర్థమైంది. నవ్వింది కూడా.

"నన్నూ సూస్తన్నారన్నమాట. మంచిదే. ఐతే ఎవులూ కదలొద్దు. అందరూ ఇక్కడే నిలబడి సూడండి. తమ్ముడూ, నువ్వు కూడా. ఆ సంచి కింద పెట్టు."

ఫోను ఎత్తి చెవికి ఆనించింది. బాగానే ఉంది. వైరు చివర నుంచి చివరదాకా వేళ్ళతో నిమిరింది. బాగానే ఉంది.

"ఏటి మార్చేరు?" అని అడిగింది.

"ఏటీ మార్చలేదు" అన్నాడు నాన్న.

బావ నేల చూశాడు.

ఆవిడ తెర మీద వరస మళ్ళీ రప్పించి, కొట్టి చూసింది. డయలు చేసిందో లేదో, మరుక్షణం జవాబు లేదని పడింది. ఆవిడ వేలు వరస చివరికి వెళ్ళి ఆగింది.

"ఈ అరవై ఎవులు పెట్టేరు? నాను ముప్పై కదా ఇచ్చేను."

బావ ఇంకా నేలనే చూస్తున్నాడు. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"నానే పెట్టమన్నాను. ఫోన్లు పోయిన పూటే, వానకి ముందు. ముప్పై సాలకపోతే అరవై అడగరా, సగమైనా ఇస్తాదని సెప్పేను. ఎక్కువ అడగడం కూడా తప్పేటి?"

మా ఇంట్లో ముప్పై కావాలంటే అరవై అడగడం ఆచారం. అది మార్చడం కిందకి వస్తుందని నాన్నకి తోచనే లేదు, నాకూ తోచలేదు. బావకి తోచి ఉంటుంది. మామగారు పెట్టమన్నారని మామగారి ఎదురుగా చెప్పలేకపోయాడు.

"ఎక్కువసేపు ఆగమంటే తక్కువ ఆగుతాదా ఎక్కడైనా?" అని నాన్న రెట్టించాడు. "అందుకే మనిషి సెయ్యి ఉందంటన్నాను."

దీదీ అరవై చెరిపి ముప్పై కొట్టింది. మిషను డయలు చేసి, కాచుకుని కాచుకుని, అప్పుడు వదిలేసింది. ముప్పై ఒకటి, కాచుకుంది. ముప్పై రెండు, కాచుకుంది. ముప్పై మూడు కొట్టింది. పుటుక్కున తెగింది.

మళ్ళీ ముప్పై రెండు. ఆగింది. ముప్పై మూడు. తెగింది.

కుర్చీ నాన్న వైపు తిప్పింది. "మనిషి సెయ్యి అంటారు. దేఖో సేఠ్‌గారూ, ఏ దొంగకైనా ముప్పై రెండు సెకన్లంటే ముద్దూ, ముప్పై మూడంటే కోపమూ ఉంటాదేటి?"

అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆవిడ బ్యాగులోంచి ఫ్లాపీ తీసింది. పెట్రోలు వాసన గదంతా పాకింది. తాను రాసిన ప్రోగ్రాము తెరిచి, ఒక్కో వరసనీ వేలితో తోసుకుంటూ వెళ్ళింది. ఒకచోట వేలు ఆగింది. అరచేత్తో నుదురు కొట్టుకుంది.

"హే భగ్వాన్. ఇది నాదే."

మాకు అర్థమయ్యేలా చెప్పడానికి కొట్టులో వేలాడే గుండ్రటి కాటాని చూపించింది. దాని మీద మోయగలిగినంత వేస్తే ముల్లు సరిగ్గా నిలుస్తుంది. అంతకు మించి వేస్తే చుట్టూ తిరిగి సున్నాకి అటువైపు పోయి కూర్చుంటుంది. బస్తా బరువు ఏమీ లేనిదానికన్నా తక్కువ అని చూపిస్తుంది. మిషను సెకన్లని వెయ్యో వంతుల్లో లెక్కపెడుతుంది. అరవై అంటే అరవై వేలు. ఆ అంకెని పెట్టుకోవడానికి తాను ఇచ్చిన అర చిన్నది. ముప్పై రెండు వేల పైచిలుకు దాకానే పడుతుంది. అది దాటితే ముల్లు అటు తిరిగి, కాచుకోవలసిన సమయం సున్నాకన్నా తక్కువని చెబుతుంది. "సున్నాకన్నా తక్కువసేపు ఆగమంటే పాపం అదేటి సేస్తాది, పెట్టేస్తాది."

చిన్న అర అని రాసిన చోట పెద్ద అర అని ఒక్క మాట మార్చింది. ప్రోగ్రాము మళ్ళీ కట్టింది. బావని కూర్చోబెట్టి, "అరవై కొట్టు" అంది. బావ కొట్టాడు.

పుటుక్కున తెగింది.

నాన్న నెమ్మదిగా, "లెండి అల్లుడుగారండి, బస్సు టైమవుతాది" అన్నాడు. బావ లేచాడు. సంచి అందుకున్నాడు. నాకు ఆ క్షణంలో దీదీ మీద కొత్త అనుమానం పుట్టింది, ఆ కాటా కథంతా బావని కాపాడ్డానికి అల్లిందేమోనని. అలాంటి కథలు రోజూ చెప్పి సరుకు అమ్మేవాళ్ళం మేము.

"కూర్చో తమ్ముడూ" అంది ఆవిడ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నమ్మకం నాకు అరగదు. నా మీద నాకే లేదు, అందుకే నీ సేత కొట్టించేను. పోసే డబ్బా పెద్దది పెట్టేను. కొలిసే సోల ఇంకా పాతదే."

ముందు సెకన్లని వెయ్యితో హెచ్చవేసేది కూడా ఆ చిన్న అరలోనేనట. అక్కడే పొంగి పాడైనదాన్ని తీసుకెళ్ళి పెద్ద అరలో పోస్తే ఏం లాభం? ఆ హెచ్చవేత కూడా పెద్ద అరలో జరిగేలా ఇంకొక్క మాట చేర్చింది. ఈసారి బావని కొట్టమనలేదు, తానూ కొట్టలేదు.

"సేఠ్‌గారూ, రండి. మీరే కొట్టండి. రేపు నా మాట ఇన్నానని సెప్పకండి, సూసేనని సెప్పండి."

నాన్న జీవితంలో ఆ మిషనుని ముట్టుకోలేదు. పంచెకి చెయ్యి తుడుచుకుని కూర్చున్నాడు. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, వరసంతా కొట్టాడు. చివర్న ఆరు, సున్నా.

మిషను డయలు చేసింది. మోగింది. అవతలిది ఎత్తింది కాని పలకలేదు. మాది తెగలేదు. కాచుకుంది. ముప్పై దాటి ఉంటుంది, ఇంకా కాచుకుంటోంది. వాన చినుకులు రేకుల మీద పడుతున్నాయి. నాన్న తెర చూడ్డం మానేసి బావని చూడ్డం మొదలుపెట్టాడు. ఎంతసేపు చూశాడో తెలీదు. బిందె అడుగున గరిటె గీకినట్టు కీచుమంటూ డిపో మిషను పలికింది. ఆర్డరు వెళ్ళడం మొదలైంది. అక్క గుమ్మంలో అలాగే చతికిలబడింది.

మా నాన్న క్షమాపణ చెప్పే మనిషి కాదు. కుర్చీలోంచి లేచి, రొంటినున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒరే అల్లుడా, ఆ సంచి లోపలెట్టు. తడిసిపోతాది."

అంతే. "గారు" పోయింది, "అండి" పోయింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కథ అక్కడితో అయిపోయిందని నేననుకున్నాను. నాన్న దీదీని పక్కకి పిలిచి, గొంతు తగ్గించాడు. "అమ్మా, బజారులో మాత్రం టెలిఫోనోళ్ళ తప్పని సెప్పుకుందాం. మీ పేరు సెడదు, మా పరువూ పోదు." నేను వెంటనే అందుకున్నాను. బేరం కుదిరే చోటు నాకు వాసన వస్తుంది. ఇద్దరికీ లాభమే దీదీ, అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపు, కొసరు గుప్పెడుని చూసిన చూపే.

"నిన్న తమ్ముణ్ణి దొంగన్నప్పుడు బజారంతా ఇన్నాది కదా. ఇప్పుడు బజారంతా సూడాల."

అరుగు మీదికి వెళ్ళి నిలబడింది. ఎదుటి బట్టల కొట్టువాళ్ళకీ, పక్క పంజాబీ హార్డ్‌వేరువాళ్ళకీ, కూరలమ్ముకునే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళకీ అందరికీ వినపడేలా హిందీలో చెప్పింది. "గలతీ మేరీ థీ, తప్పు నాది. ఈ ఇంటి అల్లుడిది కాదు. ఎవరికైనా అనుమానముంటే లోపలికొచ్చి చూసుకోండి." ఇద్దరు ముగ్గురు నిజంగానే వచ్చి చూశారు. వాళ్ళకి తెర మీద ఏం అర్థమైందో నాకు తెలీదు. ఆవిడ మాత్రం ఒక్కొక్కరికీ ఓపిగ్గా ముప్పై రెండూ ముప్పై మూడూ కథ చెప్పింది, పాత ప్రోగ్రాముతో ఒకసారి, కొత్త ప్రోగ్రాముతో ఒకసారి.

తన తప్పు తానే చాటుకునే మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు. అందుకే ఇందులో ఇంకేదో లాభం ఉండి ఉంటుందని చాలాకాలం వెతికాను. దొరకలేదు. పప్పు తూచే చేతులకి ఇలాంటివి అందవు.

వెళ్ళేముందు అక్క టీ తెచ్చింది. దీదీ గ్లాసుని వెలుతురుకి ఎత్తింది. బావ అన్నాడు, వారం రోజుల్లో అదే అతని మొదటి నవ్వు, "నానే పెట్టేను దీదీ, టీ." ఆవిడ ఇంకొంచెం ఎత్తి చూసి, అప్పుడు తాగింది. బయటికెళ్ళి ప్లగ్ బిగించుకుంది. ఎక్కడికని అడిగితే దుర్గ్‌కి, అంది.

"వాళ్ళది పనిసేస్తన్నాది కదా?" అన్నాను.

"వాళ్ళింకా అరవై అడగలేదు" అంది.

ఆ తరవాత బావ ఆదివారాలు రిసాలి వెళ్ళేవాడు, ఆవిడ దగ్గర మిషను పని నేర్చుకోవడానికి. మోపెడ్ కూడా అతనే బాగుచేయించేవాడు. ఆవిడ అతణ్ణి నమ్మిందా అంటే చెప్పలేను. ప్లగ్ మాత్రం ఒకసారి అతని చేతికిచ్చి, పట్టుకోమని, మార్కెట్లోకి వెళ్ళొచ్చిందట. అక్క ఆ సంగతిని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది.

విజయనగరం కొట్టులో ఫోను నా చెవి దగ్గరే ఉంది. మిరపవాడు చేత్తో సైగ చేస్తున్నాడు, బేరం ఏం చేశావని. అవతల బావ ఇంకా పలకలేదు. లైను తెగిందేమో అనిపించింది, కాని ఊపిరి వినబడుతోంది. నేను పెట్టెయ్యలేదు. కాచుకున్నాను.

"సూసేను" అన్నాడు బావ. "పాడె కింద ఒక బుజం నాదే."